గడియ దగ్గర ఆగిన పద్యం

మొన్న తెనాలి నుంచి ఒకాయన ఫోన్ చేశారు. మా ఇంగ్లీషు లెక్చరర్ గారికి పెద్ద ఎత్తున సన్మానం చేస్తున్నారట. దానికొక సంచిక కూడా వేస్తున్నారట. పాత విద్యార్థులందరూ తలా రెండు పేజీలు రాసి పంపాలట.

"మీకు గుర్తుండే ఉంటుంది మేడం. ఆ అమెరికన్ పద్యానికి ఎవరికీ దొరకని చివరి చరణాన్ని వెలికితీసింది ఆయనే కదండీ! మీరు ఆ విశేషం మీద రాస్తే బాగుంటుందండి" అన్నారు.

అప్పుడు పొయ్యి మీద చారు కాగుతోంది. నేను ఫోన్ చెవిన పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. చారు పొంగి పొయ్యంతా పారింది. వంటిల్లంతా మిరియాల ఘాటు కమ్ముకుంది. "తప్పకుండా రాస్తానండి" అని ఫోన్ పెట్టేసి, పొయ్యి కట్టేసి, గుడ్డ పెట్టి తుడవడం మొదలుపెట్టాను. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాను. మరక పోక కాదు, కోపం వల్ల. ఇన్నేళ్లయినా నా కోపం అలాగే ఉందని తెలిసి నాకే ఆశ్చర్యమేసింది. ఒకందుకు సంతోషం కూడా వేసింది.

రాస్తాను. రెండు పేజీల్లో ఇమడదు. వాళ్లు అచ్చు వేసుకోరు కూడా. అయినా రాస్తాను.

మాది చెరుకుపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. నాన్న మిషను బడిలో టీచరు. ఆదివారం గుళ్లో బైబిలు చదివేదీ ఆయనే, ఊళ్లో ఎవరికి ఉత్తరం ముక్క రాయాలన్నా రాసేదీ ఆయనే. నేను తెనాలిలో డిగ్రీ చదివాను. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, బస్సులో రేపల్లె వెళ్లి, అక్కడ తెనాలి వెళ్లే ప్యాసింజరు ఎక్కేదాన్ని. ఆ రైలుకు ఒక వాసన ఉండేది. పాల క్యాన్లు, చేపల బుట్టలు, మల్లెపూల మూటలు, పల్లీల పొట్టు, తడిసిన గోనెసంచులు. ఇప్పుడు ఎన్ని సెంట్లు కలిపినా ఆ వాసన రాదు. తెనాలిలో దిగగానే కాలవ నీళ్ల వాసన, ప్రెస్సుల్లోంచి సిరా వాసన, హోటళ్లలోంచి ఉప్మా పోపు వాసన వరసగా ఎదురొచ్చేవి.

నాన్నకూ నాకూ ఒక ఒప్పందం ఉండేది. ఫస్ట్ క్లాసు వస్తే యూనివర్సిటీలో ఎం.ఏ. చదివిస్తారు. రాకపోతే బాపట్లలో టీచర్ ట్రైనింగు. ఎం.ఏ. సీటుకు ఫస్ట్ క్లాసు లేకపోతే దరఖాస్తు కూడా చూడరని అందరూ అనేవారు. మా చుట్టాల్లో ఆడపిల్ల ఎవరూ అంతవరకు పోలేదు. నేను పోతానని అమ్మ అప్పటికే ఊరంతా చెప్పేసింది. ఆ గొప్ప చెప్పుకోవడం నాకూ నచ్చింది.

ఆఖరి ఏడాది మాకు అమెరికన్ కవిత్వం ఒక పేపరు. దాన్ని చెప్పేది ఆ లెక్చరర్ గారే. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన గొంతు చాలా బాగుండేది. ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, బల్లకు ఆనుకుని చదివేవారు. ఆయన చదువుతుంటే అర్థం కాని మాట కూడా అర్థమైనట్టు ఉండేది. మేం కొంటె పిల్లలమే. నోట్సు చెప్పేటప్పుడు ఆయన 'కామా', 'ఫుల్‌స్టాప్' అంటే ఆ మాటలు కూడా అక్షరాల్లో రాసి ఒకరికొకరు చూపించుకుని నవ్వుకునేవాళ్లం. అయినా పద్యం చదివేటప్పుడు మాత్రం ఒక్కరూ కిక్కురుమనేవారు కాదు.

అందులో ఒక పద్యం ఉంది. అమెరికాలో ఎక్కడో మంచు కురిసే ఊరు. ఈనబోయే ఆవు ఒకటి తప్పిపోతుంది. దాన్ని వెతకడానికి రైతు బయటికి వెళ్తాడు. పెళ్లాం కిటికీలో దీపం పెడుతుంది. సూపు కాచి, బల్ల మీద రెండు పళ్లేలు సర్దుతుంది. మంచు పెరుగుతూ ఉంటుంది. సూపు చల్లారితే మళ్లీ వేడి చేస్తుంది. మళ్లీ చల్లారుతుంది. చివరికి తలుపు దగ్గర ఏదో చప్పుడవుతుంది. ఆవిడ లేచి వెళ్లి గడియ మీద చెయ్యి వేస్తుంది. అంతే. మా పుస్తకంలో పద్యం అక్కడితో అయిపోయింది.

ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పే రోజు పక్క క్లాసుల వాళ్లు కూడా వచ్చి వరండాలో నిలబడేవారు. ఆయన గడియ దాకా చదివి, కళ్లజోడు తీసి, పుస్తకం మూసి, ఒక్క మాట మాట్లాడకుండా క్లాసులోంచి వెళ్లిపోయేవారు. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని కూర్చునేవారు. మా ఏడాది కూడా అలాగే వెళ్లిపోయారు. నేను కన్నీళ్లు పెట్టుకున్నాను.

మర్నాడు నోట్సు చెప్పారు. మంచు అంటే మృత్యువు. ఆవు అంటే ఆశ. రెండు పళ్లేల్లో ఒకటి బతికున్నవాళ్లది, రెండోది పోయినవాళ్లది. గడియ అంటే జీవితానికీ మరణానికీ మధ్య సరిహద్దు. తలుపు అవతల ఎవరూ లేరు. కవి కావాలనే పద్యాన్ని అక్కడ ఆపేశాడు, ఆ ఆపడంలోనే అతని గొప్పతనమంతా ఉంది. ఇదంతా ఆయన రాసిన గైడులో ఉండేది. ఆ గైడు తెనాలిలోనే అచ్చయ్యేది. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడ ఇంగ్లీషు చదివే పిల్లలున్నా వాళ్ల చేతిలో అదే. చదివేవాళ్లదీ అదే, దిద్దేవాళ్లదీ అదే. గైడులో ఉన్న వాక్యం కనిపిస్తే మార్కు వేస్తారు, లేకపోతే లేదు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు సాగేది మా కవిత్వ చదువు.

నాకు మాత్రం ఆ తలుపు మీదే ధ్యాస. రైల్లో నా పక్కన కూర్చునే స్నేహితురాలు రేపల్లె అమ్మాయి. భూములున్న రైతుల పిల్ల, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నా టిఫిన్ డబ్బాలో ఎండుచేపల వేపుడు వాళ్లింట్లో తెలియకుండా తినేది. తన డబ్బాలో గోంగూర పచ్చడి నాకు పెట్టేది. ఇద్దరం రోజూ దెబ్బలాడుకునేవాళ్లం.

"వచ్చాడే! చప్పుడైందిగా. మనిషి రాకుండా చప్పుడెట్టా అవుద్ది?" అనేది తను.

"గాలేమో."

"గాలికీ మనిషికీ తేడా తెలీకుండానే కాపురం చేస్తందా ఆవిడ?"

రోజూ మా ఎదురుగా బుట్ట పెట్టుకుని కూర్చునే చేపలావిడ ఒకామె ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "ఎవరమ్మా రాలేదు? మీ ఊరాయనా?"

మంచు, ఆవు, సూపు, అన్నీ చెప్పాం. మంచు అంటే ఆమెకే కాదు, మాకూ తెలిసింది ఒక్కటే. చేపల మీద వేయడానికి ఊకలో చుట్టి తెచ్చే ఐసు గడ్డ. ఆకాశం నుంచి ఊరంతా ఐసు పడడమంటే ఆమె నమ్మలేదు. అయినా మనిషి రాలేదంటే మాత్రం కంగారు పడింది. "మరి ఆ మగమనిషి కోసం ఊళ్లోవాళ్లెవరూ ఎదకలేదా? పోలీసులకన్నా చెప్పారా?" అంది. బోగీ అంతా నవ్వారు. ఆ తర్వాత ఆమె కనిపించినప్పుడల్లా అదే ప్రశ్న. "వచ్చాడా అమ్మా ఆయన?"

క్రిస్మసుకు బాపట్ల వెళ్లాను. మా మేనత్త అక్కడ ఆడపిల్లల హాస్టలుకు వార్డెను. హాస్టలు ఆవరణలో పాత బంగళా ఒకటి ఉండేది. ఒకప్పుడు అమెరికా దొరసానులు ఉన్న బంగళా. వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. బీరువాల నిండా పుస్తకాలు మాత్రం మిగిలాయి. సముద్రపు గాలికి కాగితాలన్నీ ఉప్పగా మెత్తబడిపోయాయి. అత్త వంటింట్లో గులాబీ పువ్వులు వేయిస్తోంది. అచ్చును పిండిలో ముంచి నూనెలో వదిలితే పువ్వులా విచ్చుకునేవి. ఆ కమ్మని వాసన బంగళా దాకా వచ్చేది. "ఆ పుస్తకాలు చెదలు తినేస్తున్నాయే. కావాల్సినవి తీసుకుపో" అంది అత్త.

ఒళ్లో గులాబీ పువ్వులు పోసుకుని నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేస్తున్నాను. అమెరికాలో బడిపిల్లలు చదువుకునే వాచకం ఒకటి దొరికింది. అందులో బొమ్మకు ఎవరో పిల్లవాడు పెన్సిలుతో మీసాలు పెట్టాడు. పేజీలు తిప్పుతుంటే మా పద్యం కనిపించింది. చిన్నపిల్లల పుస్తకంలో మా డిగ్రీ పద్యం! నవ్వుకుంటూ చదివాను. గడియ దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోయింది. ఊరికే, చేతికి అలవాటుగా, పేజీ తిప్పాను.

పద్యం అయిపోలేదు.

ఇంకో చరణం ఉంది. ఆవిడ తలుపు తీస్తుంది. మొగుడు నిలబడి ఉంటాడు. కనుబొమల మీద మంచు, కోటు లోపల అప్పుడే పుట్టిన దూడ. వెనక ఆవు. ఆవిడ అతన్ని కౌగిలించుకోదు, ఏడవదు. 'బూట్లు తుడుచుకుని రా. సూపు చల్లారిపోయింది. ఇంతసేపా?' అని తిడుతుంది. తిడుతూనే దూడను చేతుల్లోకి తీసుకుంటుంది.

నేను గట్టిగా నవ్వేశాను. అత్త గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఏంటే, పిచ్చేమన్నా పట్టిందా?"

"వచ్చాడత్తా!"

"ఎవరు?"

"పద్యంలో ఆయన!"

అత్త నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమోనని చూసింది. నవ్వు తగ్గాక నాకు మెల్లగా సంగతి తెలిసొచ్చింది. మా పాఠ్యపుస్తకంలో గడియతో పేజీ అయిపోతుంది, తర్వాతి పేజీలో వేరే పద్యం మొదలవుతుంది. కంపోజింగులో ఎక్కడో ఆ చరణం జారిపోయింది. అంతే! అచ్చుతప్పు. ప్రెస్సులో జరిగిన పొరపాటుకు ఒక మహా కవిహృదయాన్ని అంటగట్టి, దానికి గైడు రాసి, ఏళ్ల తరబడి పిల్లల చేత బట్టీ పట్టించారు. పాపం ఆ రైతును అన్నేళ్లూ తలుపు అవతల మంచులో నిలబెట్టేశారు. ఒక్కరికైనా ఇంకో పుస్తకం తెరిచి చూడాలని తోచలేదు.

సెలవులయ్యాక రైల్లో అందరికీ చదివి వినిపించాను. మా రేపల్లె అమ్మాయి చప్పట్లు కొట్టింది. "బూట్లు తుడుచుకోమందా! అచ్చం మా అమ్మేనే. మా నాన్న పొలం నుంచి ఆలస్యమైతే ఇట్టాగే గుమ్మంలోనే మొదలెట్టుద్ది" అంది. చేపలావిడ "అమ్మయ్య, వచ్చాడా" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. దూడ పెయ్యా కోడె అని అడిగింది. కవి రాయలేదని చెప్పాను. ఆ మాటకు ఆమె కొంచెం నిరుత్సాహపడింది.

ఆ సంతోషంలోనే క్లాసులో లేచి నిలబడ్డాను. ఆయన సంతోషిస్తారనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"సార్, ఆ పద్యానికి ఇంకో చరణం ఉందండి."

"ఏంటమ్మా?"

"ఆయన ఇంటికి వచ్చేస్తాడండి."

క్లాసంతా ఘొల్లుమంది. ఆయన చెయ్యెత్తి ఆపి, చదవమన్నారు. చదివాను. బూట్లు తుడుచుకోమనే చోట అందరూ మళ్లీ నవ్వారు. ఆయన నవ్వలేదు. వచ్చి నా చేతిలో పుస్తకం తీసుకుని, ముందుకీ వెనక్కీ తిప్పి, మీసాల బొమ్మ దగ్గర ఆగారు.

"ఇది ఏ క్లాసు పుస్తకం?"

"అమెరికాలో స్కూలు పిల్లలదండి. బాపట్ల మిషను బంగళాలో దొరికిందండి."

"అదీ సంగతి. చిన్నపిల్లలు భయపడతారని ఎవరో చివర నాలుగు లైన్లు అతికించారు. పిల్లల కథల్లో పులి కూడా మాట్లాడుతుంది. మనం డిగ్రీ చదువుతున్నాం."

"కాదండి, చప్పుడైందని ముందే ఉందిగదండి. అది ఆయన వచ్చిన చప్పుడే…"

"మీ బంగళాల్లో దొరసానులు పారేసి పోయిన పుస్తకాలు పట్టుకొచ్చి నాకు అమెరికన్ కవిత్వం నేర్పుతావా అమ్మాయ్?"

'మీ' అన్న ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. క్లాసులో కొందరు తలలు దించుకున్నారు, కొందరు నవ్వారు. నేను కూర్చున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చాలామందిని చూశాను. నాలుగో కాలు చూపిస్తే దాన్ని విరగ్గొట్టేవాణ్ణి అప్పుడే చూశాను. ఆయన ఒప్పుకుంటే ఏం పోయేదో నాకు తెలుసు. ప్రతి ఏడూ కళ్లజోడు తీసి, పుస్తకం మూసి వెళ్లిపోయే ఆ నాటకం పోయేది.

పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు. "నా దగ్గర ఉండనీ, స్టాఫ్ రూములో తీరిగ్గా చూసి ఇస్తాను" అన్నారు. తర్వాత అడిగితే బీరువాలో ఉందన్నారు. ఇంకోసారి అడిగితే తాళంచెవి ఇంటి దగ్గరుందన్నారు. పరీక్షల ముందు అడిగితే, "ఏ పుస్తకం అమ్మా?" అన్నారు.

పరీక్షలో ఆ పద్యం మీద పెద్ద ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు. ముందురోజు సాయంత్రం నాన్న నా ఎదురుగా కూర్చున్నారు. "పరీక్షకి కావాల్సింది రాయమ్మా. నిజం ఎక్కడికీ పోదు. సీటు పోద్ది" అన్నారు. పరీక్ష హాలు వరండాలో మా రేపల్లె అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుంది. "గైడులో ఉన్నది రాసెయ్యవే, నీకు దండం పెడతా. ఆయన ఇంటికొచ్చినా రాకపోయినా నువ్వు మాత్రం యూనివర్సిటీకి పోవాలి" అంది. సరేనన్నాను. నిజంగా గైడులో ఉన్నదే రాద్దామని కూర్చున్నాను.

ప్రశ్న అనుకున్నదే. పద్యం అర్ధాంతరంగా ఆగడంలోని ఔచిత్యాన్ని చర్చించమన్నారు. 'గడియ అంటే జీవితానికీ మరణానికీ' అని మొదలుపెట్టాను. కలం సాగలేదు. ఏముంది, బట్టీ పట్టిందే కదా, సాగాలి. సాగలేదు. ఆ చరణం నాకు కంఠతా వచ్చు. ఆ మనిషి దూడను పొదివి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూస్తూ చూస్తూ, నువ్వు లేవు, చచ్చిపోయావు అని నా చేత్తో ఎలా రాయను? కొట్టేశాను. ఈ పద్యం ఆగలేదు, దీన్ని ఆపేశారు అని రాశాను. చివరి చరణం మొత్తం రాశాను. అంతసేపూ బిగపట్టిన భయం తీరగానే మనిషికి ముందు వచ్చేది కోపమనీ, ఈ పద్యంలో ప్రేమంతా ఆ తిట్టులోనే ఉందనీ, ఆ తిట్టును తీసేస్తే పద్యానికి ప్రాణం లేదనీ రాశాను. బయటికి వచ్చేటప్పుడు ఒళ్లంతా తేలిగ్గా ఉంది.

ఫలితాలు వచ్చాయి. మిగతా పేపర్లన్నీ బాగున్నాయి. ఆ ఒక్క పేపరు నన్ను సెకండ్ క్లాసులోకి లాగి పడేసింది. అమ్మ రెండు రోజులు బయటికి రాలేదు. ఊరంతా చెప్పుకున్నదాన్ని మళ్లీ ఊరంతా దిద్దుకోవాలి కదా.

తర్వాతి ఏడాది లెక్చరర్ గారి గైడు కొత్తది వచ్చింది. నేను అప్పటికి బాపట్లలో ట్రైనింగులో ఉన్నాను. పుస్తకాల షాపులో నిలబడి తిరగేశాను. పద్యం మొత్తం ఉంది. దూడ ఉంది, బూట్లు ఉన్నాయి, చల్లారిన సూపు ఉంది. 'దీర్ఘకాల పరిశోధనలో నాకు లభించిన పూర్తి పాఠం' అని ముందుమాటలో రాసుకున్నారు. నా జవాబులో నేను రాసినవన్నీ, క్లాసులో అన్నవన్నీ, ఆయన మాటలైపోయాయి. ఆ ఏడాది నుంచి ఆ చరణం రాసిన పిల్లలకు మార్కులు కూడా పడ్డాయట. షాపాయన "కొంటారా అమ్మా?" అన్నాడు. గైడును బల్ల మీద విసిరేసి వచ్చాను. అక్కడున్న సిరాబుడ్డి ఒలికి నలుగురూ తిట్టారు.

సన్మానం చేసేవాళ్లు నన్ను రాయమన్న విశేషం ఇదే. దొంగ సొమ్ముకు దండలు వేయించుకుంటున్నారు, వేయించుకోనివ్వండి. నన్ను ఇన్నేళ్లుగా కాలుస్తున్నది అది కూడా కాదు.

ఫలితాలు వచ్చిన వారంలోనే నాన్న నన్ను తీసుకుని తెనాలి వెళ్లారు. పేపరు మళ్లీ దిద్దించే దారి ఉందేమో కనుక్కుందామని. ఉతికిన పంచె కట్టుకుని, బుట్ట నిండా మా చెట్టు రసాలు సర్దుకుని వచ్చారు. లెక్చరర్ గారు నాన్న కంటే చాలా చిన్నవారు. స్టాఫ్ రూములో నాలుగైదు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు. మామిడిపళ్ల బుట్టను మాత్రం అటెండరు చేత బల్ల కింద పెట్టించారు.

"నమస్కారమండి. నేను ఈ అమ్మాయి నాన్ననండి. పేపరు మళ్లీ దిద్దించడానికి ఏమన్నా మార్గం ఉందేమోనని…"

"టోటలు మళ్లీ కూడతారంతే మాస్టారూ. మళ్లీ దిద్దరు. అయినా దిద్దింది నేను కాదుగా, దిద్దినాయన నాకు చూపించారంతే. మీ అమ్మాయికి ఇంగ్లీషు బాగానే వచ్చు. పరీక్ష రాయడమే రాదు."

"అవునండి."

"అడిగింది ఒకటి, రాసింది ఒకటి. ఆడపిల్లకి అంత పంతం పనికిరాదని పెద్దవాళ్లు మీరు చెప్పుకోవాలి."

"అవునండి."

బడిలో నిలబడితే గది మొత్తం సర్దుకునే మనిషి మా నాన్న. ఆయన అక్కడ చేతులు కట్టుకుని నిలబడి అవునండి, అవునండి అంటున్నారు. "నా పుస్తకం ఇవ్వండి సార్" అన్నాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు.

మధ్యాహ్నం రైలు. బోగీలో పెద్దగా జనం లేరు. కిటికీలోంచి వేడి గాలి కొడుతోంది. పొలాల్లో ఎండిపోయిన మోళ్లు. నాన్న టిక్కెట్లు జేబులో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండుననుకున్నాను.

"ఆ చివరి చరణంలో ఏముందమ్మా? ఒకసారి చెప్పు" అన్నారు.

తెలుగులో చెప్పాను. ఆవిడ తలుపు తియ్యడం, ఆయన కోటులో దూడ, బూట్లు తుడుచుకోమని తిట్టడం. నాన్న మొహంలో నవ్వు లాంటిది వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

"మీ బాబాయి తుఫాను రోజు గేదెల కట్లు విప్పొస్తానని పోయాడు" అన్నారు. బాబాయి తుఫానులో పోయాడని నాకు తెలుసు. ఎలా పోయాడో మా ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు. "మా అమ్మ గుమ్మంలోనే నిలబడి, రానీ వెధవని, వాడి కాళ్లిరగ్గొడతా, గేదెలెక్కువా నాకంటే అంటా ఒకటే తిట్టడం. నీళ్లొస్తే ఊళ్లోవాళ్లు మమ్మల్ని బడి మేడ మీదికి లాక్కుపోయినా అక్కడా తిడతానే ఉంది. వాడు రాలేదు. వాడు దొరికాక కూడా అమ్మ ఏడవలేదు. ఆ తిట్లన్నీ అట్టాగే నోట్లో ఉండిపోయినయ్యి."

భుజం మీది కండువా తీసి, "నువ్వు రాసింది కరెక్టేనమ్మా. వచ్చుంటే మా అమ్మ ముందు తిట్టేది" అన్నారు. తర్వాత కండువా మొహాన కప్పుకున్నారు. రేపల్లె దాకా తియ్యలేదు.

నాన్న వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. యూనివర్సిటీ సీటు పోయినందుకు నాకిప్పుడు ఏడుపేమీ లేదు. బళ్లో పాఠాలు చెప్పుకున్నాను, పిల్లల్ని పెంచుకున్నాను, బతికాను. కానీ ఆ పద్యాన్ని తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఎంతమంది చదివారో, ఎంతమంది రాశారో, ఎంతమంది దిద్దారో! దాన్ని నిజంగా అర్థం చేసుకున్నది రైల్లో కండువా కప్పుకుని కూర్చున్న మా నాన్న ఒక్కరే. అలాంటి మనిషిని ఖాళీ కుర్చీల మధ్య నిలబెట్టి, నీ కూతురికి పరీక్ష రాయడం రాదని చెప్పి, రెండుసార్లు అవునండి అనిపించారు. దాన్ని మాత్రం నేను క్షమించను.